మన ఎక్స్‌రే మిషన్‌లో లెన్స్ ఎక్కడుంది?

గుణుపురం_కుర్రోడు:

అందరికీ నమస్కారం. నేను రేడియోగ్రఫీ డిప్లొమా రెండో ఏడు. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా ఒడియా, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది గానీ, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నోరు పెగలదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా పుస్తకంలో ఎక్కడ చూసినా ఫోకస్, ఫోకస్. ట్యూబులో ఫోకసింగ్ కప్పు, టార్గెట్ మీద ఫోకల్ స్పాట్, ప్లేటుకి ఫోకస్ దూరం. కెమెరాలో ఫోకస్ ఉందంటే లెన్స్ ఉన్నట్టే కదా. ట్యూబు దగ్గర్నుంచి ప్లేటు దాకా ఎంత వెతికినా నాకు లెన్స్ కనపడలేదు. అసలు ఎక్స్‌రేని మనం ఫోకస్ చేస్తున్నామా? చెయ్యకపోతే, అక్కర్లేక చెయ్యట్లేదా, చేతకాక చెయ్యట్లేదా?

డార్క్‌రూమ్_అక్క (రాయగడ):

తమ్ముడూ, ఈ ప్రశ్న మా బ్యాచ్‌లో ఒక్కరూ అడగలేదు. నువ్వు అడిగావు, సంతోషం.

సూటిగా చెప్తాను. మన మిషన్‌లో ఎక్స్‌రేని ఫోకస్ చేసేది ఏదీ లేదు. ఫోకస్ అయ్యేవి ఎలక్ట్రాన్లు. ఫిలమెంట్ వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి వాటి మానాన వదిలేస్తే చెదిరిపోతాయి. ఫిలమెంట్ చుట్టూ ఉన్న కప్పుకి నెగటివ్ ఛార్జి ఉంటుంది గనక వాటిని లోపలికి నెట్టి, టంగ్‌స్టన్ టార్గెట్ మీద చిన్న చోట పడేలా చేస్తుంది. ఆ చోటే ఫోకల్ స్పాట్. మామూలు మిషన్లలో చిన్నది 0.6 మిల్లీమీటర్లు, పెద్దది 1.2 ఉంటుంది. వచ్చి గుద్దిన శక్తిలో 99 శాతం దాకా వేడిగానే పోతుంది, ఎక్స్‌రేగా మారేది ఒక శాతం. ఆ టార్గెట్ ఉన్న యానోడ్‌ని గిరగిరా తిప్పకపోతే ఆ చోటు కరిగిపోతుంది.

అక్కడ పుట్టిన ఎక్స్‌రే అన్ని వైపులకీ పోతుంది. హౌసింగ్‌లోని సీసం మనకి అక్కర్లేని వైపులు మూసేస్తుంది. కిటికీలోంచి వచ్చినదాన్ని కొలిమేటర్ పలకలు నాలుగు పక్కలా కత్తిరిస్తాయి. కత్తిరించడమే, వంచడం లేదు. చివరికి ప్లేటు మీద పడేది ఉత్త నీడ.

నీడ గనకనే ఫోకల్ స్పాట్ ఎంత చిన్నదైతే అంచు అంత తేటగా వస్తుంది. రాత్రి ఇంట్లో గోడ ముందు చెయ్యి పెట్టి చూడు. ట్యూబ్‌లైట్ వెలుగులో వేళ్ల అంచులు మసకగా ఉంటాయి, ఫోన్ టార్చి వెలుగులో గీసినట్టు వస్తాయి. చేతిని గోడకి బాగా దగ్గరగా పెడితే ట్యూబ్‌లైట్ కింద కూడా అంచు బాగానే ఉంటుంది. లెక్క కూడా కష్టం కాదు. స్పాట్ 1.2, ప్లేటుకి దూరం 100 సెంటీమీటర్లు, ఎముక ప్లేటుకి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకో. 1.2ని 10తో గుణించి 90తో భాగించు. అంచు మసక 0.13 మిల్లీమీటర్లు. స్పాట్ 0.6కి మారిస్తే అందులో సగం. వేళ్లకీ మణికట్టుకీ చిన్న స్పాట్ పెట్టేది అందుకే. ఛాతీకి 180 సెంటీమీటర్లు వెనక్కి జరిగి, రోగి రొమ్ముని ప్లేటుకి ఆనించి, వీపువైపు నుంచి తీసేది కూడా అందుకే. గుండె ముందువైపు ఉంటుంది కదా, ప్లేటుకి దగ్గరగా ఉంటే దాని నీడ లేనిపోని పెద్దదిగా రాదు.

జయపురం_వ్యాపారి:

అమ్మా, మా నాన్నగారికి విశాఖ తీసుకెళ్లి సీటీ తీయించాం. అంత పెద్ద మిషన్‌లో అయినా లెన్స్ ఉండదా?

డార్క్‌రూమ్_అక్క (రాయగడ):

ఉండదండీ. సీటీలో కూడా నీడలే. ట్యూబు మనిషి చుట్టూ తిరుగుతూ అన్ని కోణాల నుంచీ నీడలు తీస్తుంది. వాటన్నిటినీ కలిపి లోపల ఎక్కడ ఏముందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ పద్ధతికే కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ ఇద్దరికీ 1979లో నోబెల్ వచ్చింది.

గుణుపురం_కుర్రోడు:

అక్కా, నీడ సంగతి ఇప్పుడు బాగా అర్థమైంది. ఇంకోటి. కొలిమేటర్‌లో లైటు వేస్తే రోగి మీద చతురస్రం పడుతుంది కదా. ఆ బల్బు పక్కన ఉంటుంది, వెలుగుని కిందికి తిప్పడానికి మధ్యలో ఏటవాలుగా అద్దం ఉంటుంది. మూత తీసినప్పుడు చూశాను. ఆ అద్దం సరిగ్గా ఎక్స్‌రే దారికి అడ్డంగానే ఉంది! వెలుగు దాని మీద పడి తిరుగుతోంది, ఎక్స్‌రే మాత్రం దాన్ని లెక్కచెయ్యకుండా ఎలా పోతోంది?

బరంపురం_ఫిజిక్స్:

ఎమ్మెస్సీ చేస్తున్నాను, దీని మీద సెమినార్ కూడా ఇచ్చాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. భరించండి.

ఆ అద్దాన్ని గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఎక్స్‌రే మొండితనమంతా అక్కడే కనిపిస్తుంది. 1895 నవంబరులో రోంట్‌జెన్ ఈ కిరణాలని కనిపెట్టిన వెంటనే చేసిన పనుల్లో ఒకటి వాటిని పట్టకాల గుండా పంపి చూడటం. నీళ్లు, కార్బన్ డైసల్ఫైడ్ నింపిన పట్టకాలు పెట్టాడు. కిరణం వంగినట్టు తేలలేదు. లెన్సులతో వీటిని ఒకచోటికి చేర్చలేం అని తన మొదటి వ్యాసంలోనే రాసేశాడు.

కారణం వక్రీభవన గుణకం. మామూలు వెలుగుకి గాజు గుణకం 1.5 దగ్గర. గాలికీ గాజుకీ అంత తేడా ఉంది గనకనే కళ్లద్దాలు పనిచేస్తాయి. అదే గాజుకి 8 కెఇవి ఎక్స్‌రే దగ్గర గుణకం సుమారు 0.999993. (కెఇవి అంటే కిలో ఎలక్ట్రాన్ వోల్టు. మీరు మిషన్ మీద 70 కేవీపీ, అంటే ట్యూబుకి గరిష్ఠంగా 70 కిలోవోల్టులు, పెడితే అందులోంచి వచ్చే కిరణాల శక్తి గరిష్ఠంగా 70 కెఇవి.) అంటే 1కీ దానికీ తేడా పది లక్షల్లో ఏడు వంతులు. ఇంత చిన్న తేడాకి కిరణం వంగినా వంగనట్టే. అద్దం మీద నిటారుగా పడినప్పుడు వెనక్కి తిరిగే భాగం లెక్కేస్తే ఇంకా ఆశ్చర్యం: ఎంత నున్నటి గాజైనా పది వేల కోట్ల ఫోటాన్లలో సుమారు ఒక్కటి. మీ కొలిమేటర్ అద్దం 45 డిగ్రీల వాలులో ఉన్నా దాదాపు అంతే సంగతి. కొంచెం ఎక్స్‌రే అద్దంలో ఇంకిపోతుంది, మిగతాది నేరుగా దిగిపోతుంది. అద్దంలో ఇంకే ఆ కొంచెం భాగాన్ని ట్యూబు ఫిల్టర్ లెక్కలో కలుపుతారు కూడా.

గుణకం 1 కంటే కాస్త తక్కువ అన్నది గమనించారా? మిగతా కథంతా ఆ కాస్త తక్కువ మీదే నడుస్తుంది.

జయపురం_వ్యాపారి:

గుణకం అంటే శూన్యంలో కాంతి వేగాన్ని ఆ పదార్థంలో వేగంతో భాగించడం అని ఇంటర్‌లో చదివినట్టు గుర్తు. 1 కంటే తక్కువైతే గాజులో ఎక్స్‌రే కాంతి కంటే వేగంగా పోవాలి. ఐన్‌స్టీన్ ఒప్పుకుంటాడా?

పర్లాకిమిడి_మాస్టారు:

ఒప్పుకున్నాడు బాబూ. ఎక్స్‌రేకి గాజు గుణకం 1 కంటే కొంచెం తక్కువ ఉండొచ్చని 1918లో రాసినవాడు ఆయనే. వేగంగా పోయేది అలల శిఖరాలు మాత్రమే, వాటి లెక్క వేరు. శక్తి గానీ కబురు గానీ కాంతి వేగాన్ని దాటదు. పదార్థంలోని ఎలక్ట్రాన్లు తమకి సహజమైన లయ కంటే చాలా వేగంగా ఊగాల్సి వచ్చినప్పుడు అలకి ఎదురు తిరిగి ఊగుతాయి. అందువల్ల గుణకం 1కి కిందికి దిగుతుంది. ఇంతవరకు పట్టుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లలోంచి గాలిలోకి వచ్చే వెలుగు ఒక కోణం దాటితే బయటికి రాకుండా మొత్తం లోపలికే తిరిగిపోతుందని తొమ్మిది, పది తరగతుల్లో చెప్తాం. ఎక్కువ గుణకం ఉన్నవైపు నుంచి తక్కువ గుణకం ఉన్నవైపు పోయేటప్పుడే అది జరుగుతుంది. ఎక్స్‌రే దగ్గర తలకిందులు. గాలి గుణకం ఎక్కువ, గాజు గుణకం తక్కువ. కాబట్టి బయటినుంచి వచ్చే ఎక్స్‌రే గాజు మీద బాగా వాలుగా పడితే, లోపలికి పోకుండా మొత్తం బయటికే తిరిగిపోవాలి. 1923లో ఆర్థర్ కాంప్టన్ చేసి చూపించాడు. తిరిగింది.

ఎంత వాలుగా? గాజుకి 8 కెఇవి దగ్గర 0.22 డిగ్రీలు. అంతకంటే నిటారుగా పడితే చొచ్చుకుపోతుంది. గాజు మీద బంగారం పూత వేస్తే అర డిగ్రీ దాకా ఓర్చుకుంటుంది, ఎందుకంటే బంగారంలో ఎలక్ట్రాన్లు దట్టం. శక్తి పెరిగేకొద్దీ కోణం అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది. ఇరిడియం, ప్లాటినం, నికెల్ పూతలు కూడా వాడతారు.

అంటే ఎక్స్‌రేని తిప్పాలంటే దానికి ఎదురెళ్లకూడదు. పక్కనుంచి రాసీరాయనట్టు తాకాలి. ఈ ఒక్క మాట దొరకగానే మనుషులు చేసిన పనులు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1948లో అమెరికాలో కిర్క్‌పాట్రిక్, బేజ్ అనే ఇద్దరు కొద్దిగా వంపు తిరిగిన రెండు అద్దాలు తీసుకున్నారు. ఒకటి కిరణాన్ని నిలువుగా దగ్గరికి చేరుస్తుంది, దానికి అడ్డంగా పెట్టిన రెండోది పక్కలనుంచి చేరుస్తుంది. రెండూ కలిసి ఒక బిందువు. జపాన్‌లోని స్ప్రింగ్-8 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి గట్టి ఎక్స్‌రే పుట్టించే పెద్ద యంత్రం) దగ్గర ఇదే అమరికతో 2010 నాటికి కిరణాన్ని 7 నానోమీటర్ల వెడల్పుకి కుదించారు.

సిరొంచ_చుక్కలు:

నమస్తే. మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. ఇక్కడ రాత్రి ఆకాశం చాలా బాగుంటుంది, అలా నాకు టెలిస్కోపుల పిచ్చి పట్టింది. మాస్టారు చెప్పిన వాలు అద్దాల మీదే మొత్తం ఎక్స్‌రే ఖగోళశాస్త్రం నిలబడి ఉంది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తాను.

ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రేని మన వాతావరణం మింగేస్తుంది, అది మన అదృష్టం. అందుకే టెలిస్కోపుని పైకి పంపాలి. 1952లో జర్మనీకి చెందిన హన్స్ వోల్టర్ ఒక అమరిక చెప్పాడు. కిరణం ముందు పారాబొలా ఆకారంలో ఉన్న గొట్టం లోపలి గోడని వాలుగా తాకాలి, వెంటనే హైపర్‌బొలా ఆకారంలో ఉన్న ఇంకో గోడని తాకాలి, ఆ రెండు తాకుళ్లతో బొమ్మ కుదురుతుంది. ఆయన దాన్ని మైక్రోస్కోపు కోసం ఆలోచించాడు. రికార్డో జియాకోనీ, ఆయన సహచరులు దాన్ని ఆకాశం వైపు తిప్పారు. జియాకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్రా అబ్జర్వేటరీ 1999 జులైలో వెళ్లింది. ఒకదానిలో ఒకటి అమర్చిన నాలుగు జతల గొట్టపు అద్దాలు, మీద ఇరిడియం పూత, అన్నిటికంటే పెద్దదాని అడ్డకొలత 1.2 మీటర్లు, ఫోకస్ కుదిరేది 10 మీటర్ల వెనక. కిరణం తాకే వాలు ఒక డిగ్రీ లోపే. ఇక్కడ ఒక నష్టం ఉంది. అద్దాలు కిరణానికి దాదాపు సమాంతరంగా నిలబడి ఉంటాయి గనక ముందునుంచి చూస్తే సన్నని వలయాల్లాగే కనపడతాయి. అంత పెద్ద వృత్తంలో కిరణాన్ని పట్టుకునే వైశాల్యం సుమారు పదో వంతే. ఈ నష్టం పూడ్చాలంటే పల్చటి అద్దాలు చాలా పేర్చాలి. అదే ఏడాది డిసెంబరులో యూరప్ పంపిన ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లో మూడు టెలిస్కోపులు, ఒక్కో దాంట్లో 58 గొట్టాలు. కానీ పల్చటి అద్దాన్ని చంద్రా అద్దమంత కచ్చితంగా చెక్కలేరు, ఎక్కువ కిరణాలు దొరుకుతాయి, బొమ్మ తేటదనం తగ్గుతుంది. చంద్రా తేటదనం అర ఆర్క్‌సెకను, న్యూటన్‌ది 15 దగ్గర (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు, అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత తేట). ఒకటే ఎంచుకోమంటే నేను చంద్రా అంటాను. దగ్గరదగ్గరగా ఉన్న రెండు మూలాల్ని విడదీసి చూపించలేనప్పుడు ఎన్ని కిరణాలు పట్టినా ఏం లాభం?

మన ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులో సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపు ఉంది, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేశారు. బంగారు పూత వేసిన పల్చటి రేకుల్ని శంకువు ఆకారంలో పేర్చారు, ఫోకస్ 2 మీటర్లు. శంకువు చేయడం పారాబొలా చేయడం కంటే తేలిక, ఖర్చూ బరువూ తక్కువ.

దమన్‌జోడి_ల్యాబ్:

చర్చ బాగుంది. వాలు అద్దం ఒక దారి. మా రొట్టె సంపాదించేది రెండో దారి, స్ఫటికం.

నేను అల్యూమినా ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. పంచపట్‌మాలి కొండ మీంచి వచ్చే బాక్సైట్‌లో అల్యూమినా ఎంత, సిలికా ఎంత, ఇనుము, టైటానియం ఎంత అని షిఫ్టు షిఫ్టుకీ చెప్పాలి. బాక్సైట్‌లో చురుకైన సిలికా ఎక్కువుంటే కాస్టిక్ సోడా తినేస్తుంది, ఖర్చు పెరిగిపోతుంది. శాంపిల్‌ని మెత్తగా నూరి, ప్రెస్ కింద బిళ్లగా కొట్టి, ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్‌లో పెడతాం. ట్యూబు నుంచి ఎక్స్‌రే పడగానే శాంపిల్‌లో ఉన్న ప్రతి మూలకం తనదైన తరంగదైర్ఘ్యంలో ఎక్స్‌రే విడుస్తుంది. అన్నీ కలగాపులగంగా వస్తాయి. వాటిని విడదీయాలి.

ఇక్కడే 1912 నాటి మాక్స్ ఫాన్ లావే, ఆ వెంటనే బ్రాగ్ తండ్రీకొడుకులు వస్తారు. స్ఫటికంలో పరమాణువుల పొరలు సమాన దూరంలో ఉంటాయి. ఒక్కో పొర నుంచి తిరిగొచ్చేది నామమాత్రమే, పైన బరంపురం అబ్బాయి లెక్క చెప్పాడు కదా. కానీ వేల పొరల నుంచి తిరిగొచ్చేవి ఒకే అడుగులో కలిస్తే గట్టి కిరణం అవుతుంది. అలా కలిసేది ఒకే ఒక్క కోణంలో: లాంబ్డా = 2 డి సైన్ తీటా (లాంబ్డా తరంగదైర్ఘ్యం, డి పొరల మధ్య దూరం, తీటా కిరణానికీ పొరకీ మధ్య కోణం). అందుకే ఇక్కడ కోణం అర డిగ్రీ లోపే ఉండాలన్న బాధ లేదు. ఎంత నిటారుగానైనా తిప్పొచ్చు, కాకపోతే ఒక్క తరంగదైర్ఘ్యమే తిరుగుతుంది.

మా మిషన్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఇనుము విడిచే గీత, అంటే దాని తరంగదైర్ఘ్యం, 1.94 ఆంగ్‌స్ట్రాములు (మీటరులో వెయ్యి కోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రాము). లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంలో 2డి విలువ 4.03. సైన్ తీటా 0.48, తీటా 28.8 డిగ్రీలు, కాబట్టి డిటెక్టర్‌ని దానికి రెట్టింపు, 57.5 దగ్గర నిలబెడితే ఇనుము వినపడుతుంది. అల్యూమినియం గీత 8.34 ఆంగ్‌స్ట్రాములు. అది 4.03 కంటే పెద్దది, సైన్ విలువ 1 దాటడం కుదరదు, కాబట్టి ఆ స్ఫటికంతో అల్యూమినియం ఎప్పటికీ దొరకదు. మిషన్ లోపల గిర్రున తిరిగి ఇంకో స్ఫటికం ముందుకొస్తుంది, పీఈటీ, 2డి 8.74. అప్పుడు డిటెక్టర్ 145 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ల్యాబ్‌లో మూత వెనక ఆ స్ఫటికం మారేటప్పుడు టక్ మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ బ్రాగ్ కుర్రాడు ఇరవై రెండేళ్ల వయసులో ఈ సూత్రం రాశాడని గుర్తొస్తుంది, పాతికేళ్లకే నోబెల్ అందుకున్నాడు.

స్ఫటికం బల్లపరుపుగా ఉంటే ఏరడం మాత్రమే, దాన్ని వంచితే ఏరడమూ ఫోకస్ చేయడమూ రెండూ అవుతాయి. 1930లలో యోహాన్, ఆ తర్వాత యోహాన్‌సన్ ఈ వంపు స్ఫటికాలని తీర్చిదిద్దారు.

గుణుపురం_కుర్రోడు:

దమన్‌జోడి సార్, నా కజిన్ మీ టౌన్‌షిప్‌లోనే ఉంటాడు, ఒకసారి ల్యాబ్ చూడనిస్తారేమో అడిగి చూస్తాను.

అందరూ చెప్పినది చదివాక నాకు ఒక్కటే అనిపిస్తోంది. వాలు అద్దాలు ఉన్నాయి, స్ఫటికాలు ఉన్నాయి. ఆకాశంలో ఉన్నదాన్ని ఫోకస్ చేస్తున్నాం. మరి ఆసుపత్రిలో ఎందుకు పెట్టరు? కిరణాన్ని వృథా పోనివ్వకుండా దగ్గరికి చేరిస్తే రోగికి డోసు తగ్గుతుంది కదా?

బరంపురం_ఫిజిక్స్:

లెక్క వేద్దాం. గాజుకి ఒక సులువైన సూత్రం ఉంది: 30ని కెఇవితో భాగిస్తే తిప్పగల కోణం మిల్లీరేడియన్లలో వస్తుంది. మీ పనికి కావలసిన 60 కెఇవి దగ్గర అది అర మిల్లీరేడియన్, అంటే 0.03 డిగ్రీలు. ఇప్పుడు ఒక సెంటీమీటరు వెడల్పున్న కిరణాన్ని ఆ వాలులో అద్దం మీద పరచాలంటే అద్దం పొడవు ఎంతుండాలి? ఒక సెంటీమీటరుని 0.0005తో భాగించు. 20 మీటర్లు! మీ ఆసుపత్రి గదిలో పట్టదు. బంగారం పూసినా ఒక సెంటీమీటరుకి 8 మీటర్లు కావాలి, నీకు కావలసింది 35 సెంటీమీటర్ల ఛాతీ. పైగా ఆ అద్దం పరమాణువుల స్థాయిలో నున్నగా ఉండాలి, లేకపోతే కిరణం చెదిరిపోతుంది.

ఇంకో సంగతి. ఫోకస్ చేస్తే కిరణాలు ఒక చుక్క దగ్గర కలుస్తాయి. నీకు కావలసింది చుక్క కాదు, ఒళ్లంతా పడే నీడ. ఛాతీ లోపల ఏముందో చూపించేది ఆ నీడలో హెచ్చుతగ్గులే. కాబట్టి అక్కర్లేకా, చేతకాకా అని నువ్వు మొదట అడిగిన దానికి జవాబు: రెండూ నిజమే.

గాజు గొట్టాల దారి ఒకటి చెప్పాలి, అది నాకు చాలా ఇష్టం. 1980లలో రష్యాలో కుమఖోవ్ ఈ పని మొదలుపెట్టాడు. కొన్ని మైక్రాన్ల బోలు ఉన్న సన్నటి గాజు గొట్టాలు లక్షల సంఖ్యలో కట్టగా కలిపి, కట్టని మెల్లగా వంచుతారు. ఎక్స్‌రే ఒక్కో గొట్టంలో గోడని మళ్లీ మళ్లీ రాసుకుంటూ, ప్రతిసారీ డిగ్రీలో కొంచెం కొంచెం తిరుగుతూ, చివరికి పెద్ద మలుపే తిరుగుతుంది. ఒక్క తాకుడుకి కుదరనిది వంద తాకుళ్లకి కుదురుతుంది. కట్ట రెండో చివర గొట్టాలన్నీ ఒకే చోటికి గురిపెట్టి ఉంటాయి గనక కిరణాలు అక్కడ కలిసి కొన్ని పదుల మైక్రాన్ల చుక్క అవుతుంది. మీ దమన్‌జోడి సార్ బిళ్ల మొత్తాన్ని ఒకేసారి కొలుస్తారు, ఈ చుక్కతో అయితే పాత నాణెం మీద ఒక్క అక్షరాన్ని, సర్క్యూట్ బోర్డులో ఒక్క టంకాన్ని విడిగా కొలవొచ్చు. శక్తి పెరిగితే ఇదీ చతికిలబడుతుంది, కారణం అదే 30 సూత్రం.

జయపురం_వ్యాపారి:

మొదట లెన్స్ కుదరదన్నారు. రోంట్‌జెన్ కూడా అదే రాశాడన్నారు. అది ఇప్పటికీ అంతేనా?

పర్లాకిమిడి_మాస్టారు:

నూరేళ్లు అంతే అనుకున్నారు. 1996లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ దగ్గర స్నిగిరెవ్ బృందం చేసిన పని చూస్తే ఎంత తేలిగ్గా ఉందో! ఎక్స్‌రేకి గుణకం 1 కంటే తక్కువ కాబట్టి కుంభాకార లెన్స్ కిరణాల్ని విడదీస్తుంది, పుటాకార లెన్స్ దగ్గరికి చేరుస్తుంది. అల్యూమినియం దిమ్మలో గుండ్రటి రంధ్రం తొలిస్తే, పక్కపక్క రంధ్రాల మధ్య మిగిలిన లోహమే పుటాకార లెన్స్! 0.3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక్క రంధ్రం అయితే 14 కెఇవి కిరణం 54 మీటర్ల అవతల కలుస్తుంది. అలాంటివి వరసగా 30 తొలిస్తే దూరం 30వ వంతుకి తగ్గి 1.8 మీటర్లు అవుతుంది. లోహంలో ఇంకిపోకుండా ఉండటానికి ఇప్పుడు ఎక్కువగా బెరీలియం వాడతారు. ఎంత తక్కువ వంగినా వంగుతుంది గనక, వరసపెట్టి వంచితే సరిపోతుందని ఇన్నాళ్లూ ఎవరూ చేసి చూపించకపోవడం విచిత్రం.

మా బడిలో పిల్లలకి చెప్పాలనుకుంటున్నాను, ఒడియాలో రాసి. అమ్మాయీ, మీ ట్యూబ్‌లైట్ నీడ ప్రయోగం వాడుకోనా?

డార్క్‌రూమ్_అక్క (రాయగడ):

వాడుకోండి మాస్టారూ, సంతోషంగా. పిల్లలెవరైనా ఉత్సాహంగా ఎక్స్‌రే ట్యూబు తెచ్చి చేద్దామంటే మాత్రం గట్టిగా వద్దనండి. ఆటమిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు అనుమతి లేకుండా ఆ మిషన్ వాడకూడదు, మేము కూడా డోసు కొలిచే బ్యాడ్జి పెట్టుకుని, సీసం తెర వెనక నిలబడి పనిచేస్తాం.

బరంపురం_ఫిజిక్స్:

కిరణాన్ని నిజంగా చిన్న చుక్కకి చేర్చి పనిచేసే చోటు మన దేశంలోనూ ఉంది. ఇండోర్‌లో రాజా రామన్న సెంటర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులది. అందులో ఒక బీమ్‌లైన్‌లో మాస్టారు చెప్పిన కిర్క్‌పాట్రిక్-బేజ్ అద్దాలతోనే మైక్రోఫోకస్ చేస్తారు. విశ్వవిద్యాలయాల వాళ్లు ప్రతిపాదన పంపి వాడుకోవచ్చు. నా కోరిక అదే.

గుణుపురం_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. చివరిగా ఒకటి. మా దగ్గర ఛాతీ స్టాండులో పెట్టే గ్రిడ్ మీద ఒక గీత, దాని పక్కన ట్యూబు బొమ్మ, కింద ఎఫ్ 100 అని రాసి ఉంది. గ్రిడ్‌కి కూడా ఫోకస్ ఏమిటి? ఈ మధ్య కొన్ని ఛాతీ ఫిల్ముల్లో రెండు పక్కలా తెల్లగా వస్తోంది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

డార్క్‌రూమ్_అక్క (రాయగడ):

ఉంది తమ్ముడూ, ఇది వెంటనే చూడాల్సిన సంగతి. గ్రిడ్ లోపల పల్చటి సీసం పట్టీలు నిలబెట్టి ఉంటాయి. ఒంట్లో చెదిరి అడ్డదిడ్డంగా వచ్చే కిరణాల్ని ఆపడమే వాటి పని. ఆ పట్టీలు నిటారుగా ఉండవు, అంచుల వైపు పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. వాటిని పైకి పొడిగిస్తే అన్నీ 100 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత మీద కలుస్తాయి. ట్యూబు స్పాట్ ఆ గీత మీద ఉంటేనే నేరుగా వచ్చే కిరణం పట్టీల సందుల్లోంచి దూరి ప్లేటుని చేరుతుంది. ఇక్కడ కూడా గ్రిడ్ కిరణాన్ని వంచట్లేదు, ట్యూబు ఉన్న చోటుకి గురిపెట్టి ఉందంతే.

నువ్వు ఛాతీకి 180 దూరంలో తీస్తున్నావు, గ్రిడ్ 100ది. మధ్యలో కిరణం బాగానే దూరుతుంది, అంచుల దగ్గర పట్టీలకి కొట్టుకుని ఆగిపోతుంది. రెండు పక్కలా తెలుపు అందుకే. గ్రిడ్ తలకిందులుగా పెడితే ఇంకా ఘోరం, ఫిల్ము మధ్యలో ఒక చార తప్ప ఏమీ రాదు. ట్యూబు బొమ్మ ఎప్పుడూ ట్యూబు వైపే ఉండాలి. మీ ఇన్‌ఛార్జికి చెప్పి స్టోర్‌లో 180 గ్రిడ్ ఉందేమో వెతికించు. లేకపోతే సన్నగా ఉన్నవాళ్లకి గ్రిడ్ తీసేసి, కేవీపీ తగ్గించి తియ్యొచ్చేమో అడుగు, డోసు కూడా తగ్గుతుంది. ఆ తెల్ల అంచుని ఊపిరితిత్తుల్లో నీరు అనుకుని ఎవరికైనా రిపోర్టు రాకముందే మార్పించు.